బిహేవ్ లోపల ఉన్న హ్యావ్

ఇంగ్లిషు కొత్తగా నేర్చుకునే పిల్లలు ఒక చోట తప్పకుండా తడబడతారు. హెచ్, ఏ, వీ, ఈ అనే నాలుగు అక్షరాలు విడిగా కనిపిస్తే హ్యావ్ అని చదవాలి. అవే నాలుగు అక్షరాల ముందు బీ, ఈ వచ్చి చేరితే మాత్రం బిహ్యావ్ అనకూడదు, బిహేవ్ అనాలి. ఎందుకని అడిగితే ‘ఇంగ్లిషంతే, బట్టీ పట్టాల్సిందే’ అంటారు. కానీ దీనికి జవాబు ఉంది. ఆ జవాబు వెంట పోతే ‘ప్రవర్తించు’ అనే అర్థం ఈ మాటకు ఎలా పట్టిందో కూడా తెలుస్తుంది.

బిహేవ్ అంటే బి, హ్యావ్ కలిసిన మాట. ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న మామూలు హ్యావ్ క్రియకు ముందు బి తగిలించి, 15వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఈ మాటను వాడటం మొదలుపెట్టారు. ఆ బి అనేది మొదట్లో ‘పక్కన, చుట్టూ’ అనే అర్థమున్న ముక్క. పోనుపోను సొంత అర్థం తగ్గిపోయి, క్రియకు కాస్త బలం ఇచ్చే ఉపసర్గగా మిగిలింది, సంస్కృతంలో ప్ర, సం చేసే పని లాంటిదే. బిసీజ్, బిఫాల్, బిహోల్డ్ మాటల్లో ఉన్నది కూడా ఇదే. వీటిలో బిహోల్డ్‌ను బిహేవ్‌కు తోబుట్టువు అనుకోవచ్చు. హోల్డ్ అంటే పట్టుకోవడం. దానికి బి చేరి, మొదట ‘గట్టిగా పట్టి ఉంచు’ అన్న అర్థంలో ఉండి, తర్వాత చూపుతో పట్టుకోవడమై, చివరికి ‘చూడు’ అనే అర్థంలో స్థిరపడింది.

ఇక ఉచ్చారణ సంగతి. బిహేవ్ పుట్టే నాటికి హ్యావ్‌ను ఒత్తి పలికినప్పుడు అందులోని అచ్చు దీర్ఘంగా, మన ‘ఆ’కు దగ్గరగా ఉండేది. అంటే అది హావ్, ఇది బిహావ్. రెండిటికీ పేచీ లేదు. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో ఇంగ్లిషులోని దీర్ఘాచ్చులన్నీ తమ తమ చోట్ల నుంచి కదిలిపోయాయి. నేమ్ అనే మాటను అంతకు ముందు దాదాపు మన నామంలాగే ‘నామ’ అని పలికేవారు, ఈ మార్పులోనే అది నేమ్ అయింది. బిహావ్ కూడా అదే ఊపులో బిహేవ్ అయింది. హావ్ మాత్రం ఆ బండి ఎక్కలేదు. ‘వెళ్లాను, తిన్నాను’ లాంటి ప్రతి వాక్యంలోనూ సహాయ క్రియగా దొర్లే మాట కదా, ఎవరూ దాన్ని ఒత్తి పలకరు. అరిగిపోయి పొట్టిదైపోయింది. మనం మాత్రం ‘వస్తున్నాను’లో ‘ను’ను ఎప్పుడైనా పూర్తిగా పలుకుతున్నామా? ‘నడుచుకొనుము’ అన్నది ‘నడుచుకో’ అయిన దారీ ఇదే. నిత్యం వాడే మాట అరుగుతుంది, అప్పుడప్పుడూ బయటికి తీసే మాట పాత రూపాన్ని కొంతైనా నిలుపుకుంటుంది. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడసాగాయి. నోట్లో మాటలు మాత్రం ఆగకుండా మారుతూ పోయాయి. అందుకే ఈ రెండు మాటలూ కాగితం మీద ఒకే ఇంటివి, నోట్లో వేరు కాపురాలు.

అసలు చిక్కు ప్రశ్న వేరే ఉంది. ‘కలిగి ఉండు’కూ ప్రవర్తనకూ ఏమిటి సంబంధం?

మొదట్లో బిహేవ్ ఒంటరిగా వచ్చేది కాదు. దాని వెంట ‘తనను తాను’ అన్నమాట తప్పనిసరిగా ఉండేది. ‘అతడు సభలో తనను తాను బాగా బిహేవ్ చేసుకున్నాడు’ అన్నట్టుగా. అంటే తనను తాను ఒక తీరున పట్టి ఉంచుకున్నాడని. అంతకు ముందు ఇదే అర్థంలో బి లేకుండా ఒట్టి హ్యావ్‌నే ‘తనను తాను’తో కలిపి వాడిన రోజులు కూడా ఉన్నాయి. పాత ఇంగ్లిషులో బెహబ్బన్ అనే ఇంకో మాట ఉండేది. దానికి చుట్టుముట్టు, ఇముడ్చుకొను, ఆపి ఉంచు అనే అర్థాలు. ఆ పాత మాటే ‘తనను తాను ఆపుకొను’ మీదుగా ప్రవర్తన దాకా వచ్చిందని కొందరి ఊహ. కాదు, 15వ శతాబ్దంలో కొత్తగా కట్టుకున్న మాటే ఇది అని మరికొందరు అంటారు. ఎటు చూసినా కథలో పట్టు ఒక్కటే. మనిషి చేతిలో మనిషే ఉన్నాడు. చేజారకుండా చూసుకోవాలి.

ఇది వినగానే వింతగా అనిపించవచ్చు కానీ, తెలుగులో ఎవరికైనా కోపం వచ్చినప్పుడు అనే మాట ఒకటి గుర్తు చేసుకోండి: ‘ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు!’ ఒళ్లు ఎక్కడికి పోతుంది, దగ్గర పెట్టుకోవడానికి? అయినా ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. నోరు అదుపులో పెట్టుకో, చేతులు దగ్గర పెట్టుకో అనేవీ ఈ కోవలోవే. ఆరు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిషువాళ్లు బిహేవ్ అనే మాటలో దాచిపెట్టినది సరిగ్గా ఈ ఒళ్లు దగ్గర పెట్టుకోవడాన్నే. మాట పాతబడి వాళ్లకు ఆ బొమ్మ కనిపించకుండా పోయింది, మనకు ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఐరోపాలోని ఇతర భాషల్లోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. లాటిన్‌లో హబేరే అంటే కలిగి ఉండటం. ‘తనను తాను కలిగి ఉండటం’ అంటే ఫలానా స్థితిలో ఉండటం. ఆ క్రియ నుంచే హబితుస్ అనే నామవాచకం పుట్టి ఉండే తీరును, వేషాన్ని, స్వభావాన్ని సూచించి, ఇంగ్లిషులో హ్యాబిట్ అయింది. అరిస్టాటిల్ సద్గుణాల గురించి చెబుతూ వాడిన హెక్సిస్ అనే గ్రీకు మాట కూడా ‘కలిగి ఉండు’ అనే క్రియ నుంచి వచ్చిందే, దాన్ని లాటిన్‌లోకి హబితుస్ అనే తెచ్చుకున్నారు. జర్మన్లు ఇదే భావానికి హోల్డ్‌కు చుట్టమైన హాల్టెన్‌తో ఒక మాటను, ‘తీసుకొను’ అనే నేమెన్‌తో ఇంకో మాటను చేసుకున్నారు. బెనేమెన్ అనే ఆ రెండో మాటను విడదీస్తే ‘తనను తాను తీసుకొను’ అని వస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగాల్సిందే. మన ‘నడుచుకొను, మసలుకొను’ మాటల చివర ఉన్న కొను అసలు అర్థమేమిటి? ఇప్పుడు కొనడమంటే డబ్బిచ్చి తెచ్చుకోవడమే కానీ, పాత తెలుగులో దాని అర్థం తీసుకోవడం. కొనిపోవు, కొనితెచ్చు అనే మాటల్లో ఆ పాత అర్థమే నిలిచి ఉంది. ఆ కొను క్రమంగా క్రియల చివర చేరి, చేసే పని చేసేవాడికే చెందుతుందని చెప్పే గుర్తయింది. చెప్పడం ఎదుటివాడికి, చెప్పుకోవడం మన బాధ. దిద్దడం పిల్లవాడి అక్షరాలు, దిద్దుకోవడం మన తప్పు. అలాగే నడవడం కాళ్ల పని, నడుచుకోవడం మనిషి పని. జర్మన్‌కు, తెలుగుకు ఏ చుట్టరికమూ లేదు. అయినా ప్రవర్తన దగ్గరికొచ్చేసరికి రెండు భాషలూ ‘తీసుకొను’ అనే క్రియను పట్టుకుని మనిషిని తన మీదికి తిప్పాయి.

తేడా మొదటి సగంలో ఉంది. ఇంగ్లిషు మనిషి తనను పట్టుకుంటాడు, తెలుగు మనిషి నడుస్తాడు. నడత, నడవడి, నడవడిక, అన్నీ నడకలోంచి వచ్చినవే. మెలగడం, మసలడం అన్నా ముందు కదలడం, తిరగడమే. సంస్కృతం నుంచి తెచ్చుకున్నవీ ఈ బాటలోనే ఉన్నాయి. ఆచారంలో ఉన్నది ‘చర్’, అంటే సంచరించడం. ప్రవర్తనలో ఉన్నది ‘వృత్’, అంటే తిరగడం, దొర్లడం. చక్రవర్తిలోనూ ఆవర్తనంలోనూ ఉన్న ధాతువది. లాటిన్ వెర్తేరే దీనికి దూరపు చుట్టం. కాబట్టి ఇంగ్లిషు కన్వర్ట్‌కూ మన ప్రవర్తనకూ ముత్తాత ఒక్కడే. ఇక పద్ధతి అనే మాట అందరికన్నా స్పష్టం: పాదాల తాకిడితో ఏర్పడిన దారి. ఊరి నుంచి పొలానికి పోయే కాలిబాట ఎవరూ వేయకుండానే నడిచీ నడిచీ ఏర్పడుతుంది కదా, ఆ బాటే పద్ధతి.

బిహేవియర్ అనే నామవాచకం సంగతి మరీ తమాషా. క్రియకు ఇంగ్లిషు అలవాటు ప్రకారం ఏదో ఒక ప్రత్యయం చేరితే సరిపోయేది. కానీ 15వ శతాబ్దపు ఇంగ్లండులో హేవర్ అని ఇంకో మాట తిరుగుతుండేది. ఆస్తి, కలిమి అని దాని అర్థం. అది ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచివాళ్ల అవ్వార్ అనే క్రియ దాని మూలం. అవ్వార్ అన్నా ‘కలిగి ఉండు’ అనే అర్థమే. అర్థమూ దగ్గరే, ధ్వనీ దగ్గరే కాబట్టి జనం దానికి ముందు ఒక హెచ్ కూడా తగిలించి హ్యావ్‌తో కలిపేశారు. ఆ మాట తోకే బిహేవ్‌కు అంటుకుని బిహేవియర్ అయింది.

చిత్రమేమిటంటే ఈ రెండు ‘కలిగి ఉండు’లకూ రక్తసంబంధం లేదు. అవ్వార్ లాటిన్ హబేరే బిడ్డ. హబేరే, హ్యావ్ చూడటానికి కవలల్లా ఉంటాయి, కానీ చూపు మోసం చేస్తుంది. లాటిన్, గ్రీకుల్లో ‘క’ ఉన్నచోట ఇంగ్లిషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో ‘హ’ వస్తుంది. గుండె జబ్బుల విభాగాన్ని కార్డియాలజీ అంటూ గుండెను మాత్రం హార్ట్ అనడం ఈ నియమం వల్లే. ఆ లెక్కన హ్యావ్‌కు లాటిన్‌లో చుట్టం ‘క’తో మొదలవ్వాలి. అది కాపేరే, అంటే పట్టుకొను. క్యాప్చర్ వచ్చింది దాని నుంచే. మరి హబేరేకు ఇంగ్లిషులో చుట్టమెవరు? భాషావేత్తలు గివ్ వైపు వేలు చూపిస్తారు. అచ్చం హ్యావ్‌లా కనిపించే లాటిన్ మాటకు ‘ఇచ్చు’ అనే ఇంగ్లిషు మాట బంధువు కావడం! పోలికలు చూసి చుట్టరికాలు కలిపేసే ఉత్సాహవంతులు మన దగ్గరా తక్కువేం లేరు. ఇంగ్లిషు మాట ఏది కనిపించినా దానికో సంస్కృత మూలం పట్టుకొచ్చేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర పెట్టుకుంటే మంచిది. అంతకు ముందు నామం, నేమ్ కలిశాయంటే వాటి వెనుక ధ్వని నియమాల సాక్ష్యం ఉంది, ఒట్టి పోలిక కాదు.

ప్రవర్తనకు ఇంగ్లిషులో ఇంకా మాటలున్నాయి, చాలావరకు ఫ్రెంచి, లాటిన్ సరుకు. కండక్ట్ అంటే వెంటబెట్టుకుని తీసుకుపోవడం. స్కూలు వదిలేటప్పుడు ఇచ్చే స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్‌లో, ఆర్టీసీ బస్సు కండక్టర్‌లో ఉన్నది ఒకే మాట. కంపోర్ట్, డిపోర్ట్ రెండిటిలోనూ మోయడం ఉంది. డిపోర్ట్ అనగానే మన ఇళ్లలో అమెరికా వీసా భయమే గుర్తొస్తుంది కానీ, దానికి ‘హుందాగా మెలగు’ అనే పాత అర్థం కూడా ఉంది. నిలబడే తీరు, నడిచే తీరు నేర్పే పాఠాన్ని డిపోర్ట్‌మెంట్ అనేవారు. డిమీన్ కథ మాత్రం కొంచెం జాలి కలిగిస్తుంది. లాటిన్‌లో బెదిరించడమనే క్రియ నుంచి పశువులను అదిలించి తోలడమనే క్రియ పుట్టింది, అది ఫ్రెంచిలో ‘నడిపించు’ అయి, ఇంగ్లిషులో ‘తనను తాను నడిపించుకొను’ అయింది. అంటే మన నడుచుకొనుకు బాగా దగ్గర. అయితే నీచమైన అనే అర్థమున్న మీన్ అనే వేరే మాట దాని లోపల వినిపిస్తుండటంతో, డిమీన్ అంటే కించపరచడమనే అర్థం స్థిరపడిపోయింది. డిమీనర్‌లో మాత్రం పాత అర్థం క్షేమంగా ఉంది.

బిహేవియర్‌కు అసలు బరువు న్యాయస్థానాల్లో వచ్చింది. స్టూవర్ట్ రాజుల కాలంలో ఇంగ్లండు న్యాయమూర్తులు చాలావరకు రాజుగారి ఇష్టం ఉన్నంతకాలమే కుర్చీలో ఉండేవారు. తీర్పు నచ్చకపోతే ఉద్వాసనే. 1701లో వచ్చిన సెటిల్‌మెంట్ చట్టం దీన్ని మార్చి, న్యాయమూర్తుల పదవికి లాటిన్‌లో ఒక షరతు పెట్టింది: క్వాందియు సే బెనే గెసెరింత్. ‘తమను తాము బాగా మోసుకున్నంతకాలం’ అని ముక్కస్య ముక్క అర్థం. ఇక్కడ కూడా ‘తమను తాము’ ఉంది చూడండి. 1787 నాటి అమెరికా రాజ్యాంగం ఇదే షరతును గుడ్ బిహేవియర్ అని ఇంగ్లిషులో రాసుకుంది. అదీ ఇంగ్లండు పద్ధతిలో, యు అక్షరం ఉంచి. ఆ యు తీసేసిన స్పెల్లింగును నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులతో అమెరికాలో స్థిరపరచింది ఆ తర్వాతే.

మన రాజ్యాంగంలో రెండు పద్ధతులూ పక్కపక్కన ఉన్నాయి. గవర్నరు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారని 156వ అధికరణం. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని మాత్రం మిస్‌బిహేవియర్ లేదా అశక్తత రుజువైతే తప్ప తీసేయకూడదని 124వ అధికరణం. అందుకు ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండు వంతులు కావాలి. హైకోర్టు న్యాయమూర్తులకూ ఇదే రక్షణ. 1993లో లోక్‌సభ ముందుకు వచ్చిన ఒక తీర్మానం వీగిపోయింది. 2011లో ఇంకో తీర్మానాన్ని రాజ్యసభ ఆమోదించాక, లోక్‌సభకు వెళ్లేలోపే ఆ న్యాయమూర్తి రాజీనామా చేశారు. అయితే మిస్‌బిహేవియర్ అంటే ఏమిటో రాజ్యాంగం ఎక్కడా నిర్వచించలేదు. చిన్నపిల్లల అల్లరికి వాడే మాట మీద అంత పెద్ద కుర్చీ ఆధారపడి ఉంది.

మండల స్థాయిలో ఈ మాట వేరే వేషంలో కనిపిస్తుంది. ఎన్నికలు దగ్గర పడగానే ‘రౌడీషీటర్లను తహసీల్దార్ ఎదుట బైండోవర్ చేశారు’ అనే వార్త ప్రతి జిల్లా పేజీలోనూ ఉంటుంది. నాటుసారా కేసుల్లోనూ అంతే. ఆ బైండోవర్ వెనక ఉన్న చట్టం భాషలో ఇదంతా శాంతికి, గుడ్ బిహేవియర్‌కు పూచీకత్తు తీసుకోవడం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107 నుంచి 110 వరకు ఉన్న సెక్షన్లివి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 126 నుంచి 129 అయ్యాయి. అంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ముందు సంతకం పెట్టిన మనిషి, ఇన్నాళ్లపాటు ఒళ్లు దగ్గర పెట్టుకుంటానని బాండు రాసిచ్చినట్టే. ఆ బాండులో మనిషిని బంధించేది తాడో గొలుసో కాదు, పట్టుకోవడం అనే పాత అర్థమే ఇంకోలా తిరిగొచ్చింది.

ఇక ఇళ్లలోకి వద్దాం. మొదట్లో బిహేవ్ పక్కన ‘బాగా’ అనో ‘చెడ్డగా’ అనో చెప్పి తీరాల్సి వచ్చేది. తర్వాత ఇంగ్లిషు తల్లిదండ్రులు ‘బాగా’ను వదిలేశారు. ఇంకొన్నాళ్లకు ‘యువర్‌సెల్ఫ్’ కూడా ఐచ్ఛికమైంది. ఇప్పుడు పిల్లాడి వైపు కళ్లెర్రజేసి ‘బిహేవ్!’ అంటే చాలు. తీరు అనే తటస్థమైన మాట మంచి తీరుగా మారిపోయింది. మన భాషలో ఇది కొత్తేం కాదు. పద్ధతి మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు, కానీ ‘పద్ధతిగా ఉండు’ అంటే మంచిగా ఉండమనే. గుణాలు ఎన్నో రకాలు, గుణవంతుడు మాత్రం మంచివాడే. లక్షణంగా అన్నా అంతే. అయితే పిల్లలకు మనం చెప్పేది ఇవేవీ కాదు, ‘బుద్ధిగా ఉండు’. ఇంగ్లిషువాడు ఒంటిని పట్టుకోమంటే, తెలుగు అమ్మమ్మ నేరుగా బుద్ధి దగ్గరికి పోతుంది. మర్యాదగా ఉండు అనేది పిల్లలకు చెప్పే మాట కాదు, అది పెద్దవాళ్ల బెదిరింపు. మర్యాద అంటే సంస్కృతంలో సరిహద్దు, గట్టు. గట్టు దాటావో చూసుకో అని.

మిస్‌బిహేవ్ తెలుగు మాటల్లోకి వచ్చి మరీ ఇరుకైపోయింది. పిల్లాడు అన్నం విసిరేస్తే మనం అల్లరి అంటాం, మిస్‌బిహేవ్ అనం. ‘వాడు మిస్‌బిహేవ్ చేశాడు’ అంటే వినేవాళ్లకు అర్థమయ్యేది ఒకటే, ఒక ఆడమనిషితో చేయకూడనిది చేశాడని. పత్రికల్లో దీనికి జోడీ ‘అసభ్యంగా ప్రవర్తించాడు’. వెకిలి చూపు నుంచి దాడి దాకా అన్నిటినీ ఈ ఒక్క మాట కిందే కప్పేస్తున్నారు. చదివేవాడికి నేరం ఏమిటో తెలియదు, రాసేవాడికి సిగ్గు దక్కుతుంది. ఇది మాటకు జరిగిన మంచి కాదు.

శాస్త్రం మాత్రం ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టింది. లోహాలు, కాంతి, ఓడలు, మార్కెట్లు అన్నీ ఇప్పుడు బిహేవ్ చేసేవే. అక్కడ మంచీ లేదు, చెడూ లేదు. 1913లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ వాట్సన్, మనసు లోపల ఏముందో వెతకడం మానేసి బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలని వాదించినప్పుడు ఆ దారికి బిహేవియరిజం అనే పేరు వచ్చింది. ‘తనను తాను పట్టుకోవడం’ అనే అర్థంతో పుట్టిన మాట, ఆ ‘తాను’ లోపల ఏముందన్న ప్రశ్నే అక్కర్లేదనే సిద్ధాంతానికి పేరు కావడం విచిత్రంగా లేదూ?

ఇంత చరిత్ర ఉన్న క్రియను ఇవాళ్టి తెలుగు ఎలా తెచ్చుకుందో కూడా చూడాలి. టెన్షన్‌లో ఉన్నవాడికి ‘కంట్రోల్ చేసుకో’ అంటాం. ఫోనైతే ‘ఛార్జింగ్ పెట్టుకో’, సీటైతే ‘రిజర్వ్ చేసుకో’. ఇంగ్లిషు మాటలకు మన కొను చక్కగా అతుకుతుంది. ఒక్క బిహేవ్ దగ్గర మాత్రం ‘నీట్‌గా బిహేవ్ చెయ్’ అంటామే తప్ప, ‘బిహేవ్ చేసుకో’ అని ఎవరి నోటా వినపడదు.